బొమ్మ కాని బండి

దుకాణంలో రెండు రిమోట్ కార్లు పక్కపక్కన ఉన్నాయి. రెండింటికీ నాలుగు చక్రాలు, మెరిసే పైతొడుగు, చేతిలో ఇమిడే రిమోట్. అయినా ఒకదాని ధర మరొకదానికి పది పదిహేను రెట్లు. ఇంటర్మీడియెట్ చదివే కుర్రవాడు ఖరీదైన దాని మీద నుంచి చూపు తిప్పుకోలేక నిలబడతాడు. వెంట వచ్చిన తండ్రి "బొమ్మకు ఇంత ధరా?" అంటాడు. ఆ మాటలో కోపం కన్నా ఆశ్చర్యమే ఎక్కువ. అది అడగదగిన ప్రశ్నే. దానికి కొడుకు దగ్గర సమాధానం లేకపోతే, ఆ బండి కొనే వేళ ఇంకా రాలేదనుకోవాలి. "మా స్నేహితుడి దగ్గర ఉంది", "చాలా వేగంగా పోతుంది" అన్నవి సమాధానాలు కావు.

రెండు కార్లకూ ఉన్న భేదం పైకి కనిపించదు. మూత విప్పితేనే తెలుస్తుంది. బొమ్మ కారులో రేడియో, మోటారు నడిపే ఏర్పాటు అంతా ఒకే పలకకు అతికించి ఉంటుంది. చౌకరకం రిమోట్ మీద ఎడమ మీట నొక్కితే చక్రాలు పూర్తిగా ఎడమకు తిరుగుతాయి. వదిలితే తిన్నగా నిలుస్తాయి. కొంచెం మళ్ళడమన్నది ఆ బండికి తెలియదు. లోపలి పళ్ళచక్రంలో ఒక్క పన్ను విరిగితే ఇక అది అటకెక్కవలసిందే. హాబీ శ్రేణి కారు నిర్మాణమే వేరు. రిమోట్ పంపిన ఆజ్ఞను రిసీవరు అందుకుంటుంది. ఒకవైపు సర్వో అనే చిన్న యంత్రం ద్వారా ముందు చక్రాలను కోరినంత మేరకే మళ్ళిస్తుంది; మరొకవైపు స్పీడ్ కంట్రోలరు ద్వారా బ్యాటరీ నుంచి మోటారుకు పోయే విద్యుత్తును కోరినంతే వదులుతుంది. మోటారు ఇరుసు మీద ఉండే చిన్న పళ్ళచక్రాన్ని పినియన్ అంటారు. అది స్పర్ గేరు అనే పెద్ద పళ్ళచక్రాన్ని తిప్పుతుంది. అక్కడి నుంచి డిఫరెన్షియల్ గుండా బలం చక్రాలకు చేరుతుంది. మలుపులో బయటి చక్రం లోపలి చక్రం కన్నా ఎక్కువ దూరం పోవలసి ఉంటుంది గనుక ఆ తేడాను సర్దడం డిఫరెన్షియల్ పని. వీధిలో తిరిగే పెద్ద కారులోనూ ఇదే ఏర్పాటు. ఈ భాగాలలో ప్రతి ఒక్కటీ మర విప్పితే ఊడివస్తుంది, విడిగా దొరుకుతుంది, మళ్ళీ బిగుస్తుంది. తండ్రి ప్రశ్నకు సమాధానం ఇక్కడే ఉంది. అధికంగా చెల్లించే ధర వేగానికి కాదు, విప్పి బాగుచేసుకునే వీలుకు.

తీగ లేకుండా దూరం నుంచి వాహనాన్ని నడపడం కొత్త సంగతి కాదు. 1898లో న్యూయార్కులోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్లో నికోలా టెస్లా ఒక చిన్న పడవను రేడియో తరంగాలతో నడిపి చూపించాడు. 1966లో ఇటలీకి చెందిన ఎల్‌జీ అనే సంస్థ ఫెరారీ 250 ఎల్‌ఎం నమూనాను రేడియో కారుగా అమ్మకానికి తెచ్చింది. అయితే ఈ వ్యాపకం సామాన్యుల ఇళ్ళలోకి రావడానికి ముఖ్యకారణం జపానులోని షిజువోకా నగరం. అక్కడి తమియా సంస్థ 1946లో కలప వ్యాపారంగా మొదలై, క్రమంగా నమూనాల తయారీకి మళ్ళింది. పోర్షే కారు నమూనాను సరిగ్గా తయారు చేయాలన్న పట్టుదలతో షున్‌సాకు తమియా ఒక అసలు పోర్షే 911ను కొని, భాగం భాగంగా విప్పించి పరిశీలించాడు. అంత శ్రద్ధ నుంచి పుట్టిన పోర్షే 934 నమూనా 1976లో ఆ సంస్థ తొలి రేడియో కారుగా వెలువడింది. షున్‌సాకు 2025లో తన తొంభయ్యో ఏట కన్నుమూశాడు. ఆ కారు కొన్నవాడికి పెట్టెలో కారు దొరకలేదు, భాగాలు దొరికాయి. వాటిని కారుగా మార్చడం కొన్నవాడి వంతు. ఈ వ్యాపకంలోని అసలు రుచి ఆనాటి నుంచీ ఆ పనిలోనే ఉంది.

నేటి కుర్రకారు మనస్సు మాత్రం వేగం మీదనే ఉంటుంది. గంటకు 60, 80 కిలోమీటర్లని పెట్టె మీద అచ్చయిన అంకె చూసి కొనేవారే అధికం. మొదటి బండి విషయంలో ఇంతకన్నా చెడ్డ కొలబద్ద మరొకటి లేదు. భౌతికశాస్త్రం చదివే విద్యార్థికి దీన్ని నిరూపించడం కష్టం కాదు. కిలోన్నర బరువున్న కారు గంటకు 30 కిలోమీటర్ల వేగంతో పోతున్నప్పుడు దాని గతిశక్తి సుమారు 52 జౌళ్ళు. వేగం రెట్టింపై 60 అయితే శక్తి రెట్టింపు కాదు, నాలుగింతలై 208 జౌళ్ళకు చేరుతుంది. 160 గ్రాముల క్రికెట్ బంతిని మేటి పేసర్ గంటకు 140 కిలోమీటర్ల వేగంతో విసిరితే దానికుండే శక్తి సుమారు 121 జౌళ్ళే. ప్యాడ్లు, హెల్మెట్ ధరించి ఎదుర్కొనే బంతి కన్నా ఎక్కువ శక్తి గల వస్తువును, నిన్నగాక మొన్న రిమోట్ పట్టినవాడు అపార్ట్‌మెంటు ముందు పసిపిల్లల మధ్య నడపడం ఎంతవరకు సబబు? పైగా 60 కిలోమీటర్ల వేగమంటే క్షణానికి దాదాపు 17 మీటర్లు. కన్ను చూసి, మెదడు గ్రహించి, వేలు కదిలేలోపు బండి గోడను చేరుతుంది.

కొత్తవారిని తికమక పెట్టే చిక్కు మరొకటుంది. కారు దూరంగా పోతున్నప్పుడు దాని కుడి, నడిపేవాడి కుడి ఒకటే. అదే కారు తిరిగి ఎదురుగా వస్తున్నప్పుడు దాని కుడి అతని ఎడమ అవుతుంది. ఈ తిరకాసు బుద్ధికి క్షణంలో అర్థమవుతుంది, వేళ్ళకు పట్టుబడడానికి మాత్రం వారాలు పడుతుంది. ఆ వారాలలో బండి గోడలను, గట్లను, చెట్ల మొదళ్ళను కొట్టుకుంటూనే ఉంటుంది. నెమ్మదైన బండి అయితే గీతలతో బయటపడుతుంది. వేగమైనదైతే ముందు చక్రాన్ని పట్టి ఉంచే సస్పెన్షన్ ఆర్మ్ పుటుక్కుమంటుంది.

ఆర్మ్ విరగడం ఘోరమేమీ కాదు. అది విరగడానికి సిద్ధపడి చేసిన భాగమే. అది విరిగి చట్రాన్ని కాపాడుతుంది. అయితే విరిగిన మరునాడు కొత్తది ఎక్కడ దొరుకుతుందన్నదే మొత్తం వ్యవహారానికి కీలకం. హైదరాబాదు, చెన్నై, బెంగళూరు వంటి నగరాలలో ఈ వ్యాపకానికి చెందిన దుకాణాలున్నాయి. అక్కడి నుంచి కొరియర్‌లోనూ పంపుతారు. కానీ అమ్మకానికి పెట్టిన ప్రతి కారుకూ విడిభాగాలు నిలవ ఉంచరు. వచ్చే సరుకులో అధికభాగం విదేశాలదే. మన దేశం బొమ్మల దిగుమతిపై కస్టమ్స్ సుంకాన్ని 2020 బడ్జెట్టులో 20 శాతం నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెంచింది. దేశీయ తయారీదారులకు ఊతమివ్వడం ఆ నిర్ణయం వెనుక ఉన్న ఉద్దేశం, దాన్ని తప్పుపట్టనక్కరలేదు. అయితే మన దగ్గర తయారుకాని ఇటువంటి వస్తువుల మీద మోజుపడేవారికి ఆ భారం తప్పలేదు. అందువల్ల విదేశం నుంచి విడిగా ఒక చిన్న ప్లాస్టిక్ ముక్క తెప్పించుకోవాలంటే ముక్క ధర కన్నా తెప్పించే ఖర్చే ఎక్కువ కావచ్చు. అది వచ్చేసరికి సెలవులూ అయిపోవచ్చు.

కనుక డబ్బు చెల్లించకముందే దుకాణదారుని అడగవలసిన ప్రశ్న ఒకటుంది. ఈ కారుకు ముందు సస్పెన్షన్ ఆర్మ్, స్పర్ గేరు, పినియన్ ఇప్పుడు మీ దగ్గర ఉన్నాయా? "తెప్పిస్తాం" అన్నది జవాబు కాదు. ఉన్నాయంటే చూపించమనాలి, వీలైతే బండితోపాటే ఒక జత ఆర్ములు కొనాలి. ఈ ప్రశ్నకు నిలవలేని కారు ఎంత అందమైనదైనా, ఎంత తగ్గింపు ధరకు వచ్చినా తొలి కారుగా పనికిరాదు. ఆన్‌లైన్‌లో అమ్మే చైనా తయారీ 1/14 పరిమాణపు కార్లను అనుభవజ్ఞులు కొందరు చిన్నచూపు చూస్తారు. అది న్యాయం కాదు. విడిభాగాలు చౌకగా, సులువుగా దొరికే చైనా కారు, విడిభాగాలు దొరకని పేరుమోసిన కారు కన్నా నయం.

ఇక ఏ రకం బండి అన్నది నేలను బట్టి తేలవలసిన విషయం. నున్నని తారుమార్గం మీద పరుగెత్తే టూరింగ్ కార్లు చూడముచ్చటగా ఉంటాయి. కానీ పందేలకు సిద్ధం చేసినప్పుడు వాటి అడుగుకూ నేలకూ మధ్య ఎడం అయిదారు మిల్లీమీటర్లే. మన వీధుల్లో ఒక కంకర రాయి చాలు దాని ప్రయాణం ఆగడానికి. మట్టి మైదానాలు, కళాశాల ఆటస్థలాలు ఉన్నవారికి 1/10 పరిమాణంలోని బగ్గీ గాని, పెద్ద చక్రాల ట్రక్కు గాని తగినది. వెనుక చక్రాలకే బలం అందే టూ వీల్ డ్రైవ్ బండిలో భాగాలు తక్కువ, విరిగేవి తక్కువ, తుడవవలసినవి తక్కువ. మలుపులో బలం ఎక్కువిస్తే వెనుకభాగం జారుతుంది. ఆ జారుడును అదుపు చేయడంలోనే చేయి తిరుగుతుంది. రాళ్ళ మీద మనిషి నడక వేగంతో పాకుతూ పోయే క్రాలర్లు మరొక రకం. స్థలం లేనివారికి, ఒక బండరాళ్ళ కుప్పతోనే సాయంత్రమంతా గడపగల ఓపికమంతులకు అవి చక్కగా సరిపోతాయి. మెథనాల్, నైట్రోమీథేన్, నూనె కలిపిన ఇంధనంతో పొగలు చిమ్ముతూ పోయే నైట్రో కార్ల శబ్దం మనస్సును లాగుతుంది. ఇంజన్‌ను శ్రుతి చేయడం తెలియనివాడు బండి నడిపే సమయం కన్నా స్టార్ట్ చేసే సమయమే ఎక్కువ, ఇంధనమూ విషపూరితం. తొలి కారుగా దాని ప్రస్తావన ఇంతటితో చాలు.

మోటారులోనూ రెండు రకాలున్నాయి. బ్రష్ మోటారులో కార్బన్ బ్రష్‌లు రాసుకుంటూ విద్యుత్తును అందిస్తాయి, కొంతకాలానికి అరుగుతాయి. బ్రష్‌లెస్‌లో ఆ రాపిడి లేదు, బలం ఎక్కువ, ధరా ఎక్కువే. మొదటి ఏడాదికి బ్రష్ మోటారే చాలు. అది అరిగిపోయే నాటికి నడిపేవాడికి తనకేమి కావాలో తెలిసి ఉంటుంది.

ఔత్సాహికుల మధ్య తెగని వాదం మరొకటుంది. తయారైన కారు కొనాలా, భాగాల పెట్టె కొనాలా? తయారైనది పెట్టె తెరిచిన గంటలో నేల మీద పరుగెడుతుంది. అది కోరుకునేవారిని తప్పుపట్టలేము. అయినా వీలున్నంతవరకు భాగాల పెట్టెనే ఎంచుకోవాలి. తన చేత్తో బిగించని మరను విప్పడానికి ఎవరికైనా చేయి వణుకుతుంది. బిగించినవాడికి బండి ఏ మూల శబ్దం చేసినా అది ఎక్కడి నుంచి వస్తున్నదో తెలుస్తుంది.

దీనికి తమియా వారి గ్రాస్‌హాపర్ మంచి ఉదాహరణ. 1984లో వెలువడిన ఈ బగ్గీని 2005లో మళ్ళీ విడుదల చేశారు. ఇందులో వాడిన 380 రకం మోటారు చిన్నది. తొట్టి వంటి ప్లాస్టిక్ చట్రం, తీగచుట్ట స్ప్రింగులు. నూనె నింపిన డంపర్లు లేవు. గతుకుల మీద పేరుకు తగ్గట్లే మిడతలా ఎగురుతుంది. నేటి పందెపు కార్ల ముందు ఇది ముసలి ఎద్దుబండి. అయినా దీన్ని బిగించిన కుర్రవాడికి ఒకటి రెండు రోజుల్లో గేరుపెట్టె లోపల ఏముందో, డిఫరెన్షియల్ పళ్ళు ఎలా పెనవేసుకుంటాయో, గ్రీజు ఎక్కడ ఎంత రాయాలో కళ్ళకు కట్టినట్లు తెలుస్తుంది. సూచనల పుస్తకంలో మాటల కన్నా బొమ్మలే ఎక్కువ. మరలను అసలు కొలతలోనే గీసి చూపిస్తారు గనుక మరను కాగితం మీద పెట్టి పోల్చుకుంటే పొరపాటు జరగదు. జపాను మరల తల మీది గాడి మన మామూలు నక్షత్రపు స్క్రూడ్రైవరుకు సరిగ్గా అమరదు. బలవంతాన తిప్పితే గాడి అరిగిపోయి మర జీవితాంతం అక్కడే ఉండిపోతుంది. ఆ కొలతకు తగిన స్క్రూడ్రైవరు కొనడం దండుగ కాదు.

ఇలాంటి చిన్న ఖర్చులను లెక్కలోకి తీసుకోకుండా పెట్టె మీది ధరనే కారు ధర అనుకోవడం కొత్తవారు చేసే సాధారణమైన పొరపాటు. భాగాల పెట్టెలో రిమోట్, రిసీవరు, సర్వో, బ్యాటరీ, చార్జరు సాధారణంగా ఉండవు. ఏనుగును కొన్నవాడు అంకుశానికి వెనుకాడినట్లు, ఉన్న సొమ్మంతా బండి మీద పెట్టి, చివరకు నాసిరకం చార్జరుతో సరిపెట్టుకునేవారున్నారు. చేతిలో ఉన్న మొత్తంలో మూడోవంతయినా వీటికి, విడిభాగాలకు అట్టిపెట్టిన తరువాతనే మిగిలిన సొమ్ముకు ఏ కారు వస్తుందో చూడాలి.

చార్జరు దగ్గర పిసినారితనం ఎందుకు పనికిరాదో బ్యాటరీ సంగతి తెలిస్తే అర్థమవుతుంది. నికెల్ మెటల్ హైడ్రైడ్ బ్యాటరీలో 1.2 వోల్టుల సెల్లులు ఆరు కలిసి 7.2 వోల్టులనిస్తాయి. బరువు ఎక్కువ, బలం కొంచెం తక్కువ, కానీ కొత్తవారి తప్పులను చాలావరకు క్షమిస్తుంది. లిథియం పాలిమర్ బ్యాటరీని లైపో అంటారు. రెండే సెల్లులతో 7.4 వోల్టులిస్తుంది, తేలిక, శక్తిమంతం. కానీ తప్పులను క్షమించదు. ఒక్కో సెల్లు 4.2 వోల్టులకు మించి నిండకూడదు, 3 వోల్టుల కన్నా దిగకూడదు. సెల్లులన్నీ సమంగా నింపే బ్యాలెన్స్ చార్జరు దీనికి తప్పనిసరి. 3000 మిల్లీయాంప్ అవర్ బ్యాటరీని 3 యాంపియర్ల వద్ద నింపితే గంటకు పైగా పడుతుంది. ఆ గంటా మనిషి దగ్గరే ఉండాలి. మంచం మీద, పుస్తకాల మధ్య పెట్టి నిద్రపోవడం ఇంటికి నిప్పు పెట్టుకోవడమే. ఉబ్బిన బ్యాటరీని మళ్ళీ వాడకూడదు. వాడకుండా ఉంచవలసి వస్తే సెల్లుకు సుమారు 3.8 వోల్టుల వద్ద నిలవ చేయాలి. రోహిణీ కార్తె ఎండలో నిలిపిన స్కూటర్ డిక్కీలో లైపో బ్యాటరీని వదిలిపెట్టడం ఎంతటి అజాగ్రత్తో మన ప్రాంతంలో పుట్టినవారికి వేరే చెప్పనక్కరలేదు. కారు సగటున 12 యాంపియర్లు లాగితే ఆ బ్యాటరీ వచ్చేది పావుగంట. అందువల్ల రెండు బ్యాటరీలున్నవాడి సాయంత్రమే సాయంత్రం.

డబ్బు తక్కువైనప్పుడు వాడిన కారు కొనడంలో నామోషీ లేదు. చక్రాన్ని పట్టుకుని అటూ ఇటూ కదిపి చూడాలి; వదులుగా ఊగితే బేరింగులు అరిగాయి. చట్రం కింద సన్నని చీలికలున్నాయేమో వెలుతురులో గమనించాలి. పాతకాలపు రిమోట్లు 27 మెగాహెర్ట్జ్ వంటి పౌనఃపున్యాల మీద పనిచేసేవి. ఇద్దరి క్రిస్టళ్ళు ఒకటే అయితే ఒకరి మీట నొక్కితే మరొకరి కారు పరుగెత్తేది. నేటి 2.4 గిగాహెర్ట్జ్ రిమోట్ తన రిసీవరును ముందే గుర్తుపెట్టుకుంటుంది గనుక ఆ గొడవ లేదు. పాత బండి కొన్నవారు రేడియో వరకైనా కొత్తది పెట్టుకోవాలి.

ప్రవేశ పరీక్షలు తలమీద ఉన్న ఆ రెండేళ్ళలో ఈ వ్యాపకం అవసరమా అని పెద్దలు అడుగుతారు. వారి భయం అకారణం కాదు. కొని నెల తిరగకుండా మూలపడిన కారు వారి అనుమానాన్నే నిజం చేస్తుంది. మరుసటిసారి ఆ ఇంట్లో కెమెరా అడిగినా, టెలిస్కోపు అడిగినా అదే కారును వేలెత్తి చూపిస్తారు. ఆ నింద సాధారణంగా పిల్లవాడి చంచలత్వం మీద పడుతుంది. నిజానికి తప్పు చాలాసార్లు ఎంపికలో ఉంటుంది. విడిభాగం దొరక్క ఆగిన బండిని ఎంతటి స్థిరచిత్తుడైనా ఎన్నాళ్ళు చూస్తూ కూర్చుంటాడు? అదే విరిగిన ఆర్మును ఇరవై నిమిషాల్లో మార్చుకోగలిగిన కుర్రవాడికి ఆదివారం ఒక్క గంట చాలు. తక్కిన ఆరు రోజుల చదువుకు ఆ గంట అడ్డు రాదు.

బండి సిద్ధమయ్యాక మొదటి పరుగుకు ముందు చూడవలసినవి రెండే. పినియన్, స్పర్ గేర్ల పళ్ళ మధ్య ఒక సన్నని కాగితపు పీలికను పెట్టి, రెండింటినీ దగ్గరకు నొక్కి మోటారు మరలు బిగించాలి. తరువాత గేరు తిప్పి పీలికను బయటకు తీస్తే ఆ కాగితం మందమే పళ్ళ మధ్య ఉండవలసిన ఎడం. పీలిక చిరిగిపోతే పళ్ళు మరీ బిగుసుకున్నట్లు. రెండోది, ముందు రిమోట్ స్విచ్ వేసి ఆ తరువాతనే కారు స్విచ్ వేయాలి. ఆపేటప్పుడు ముందు కారును ఆపి, చివరకు రిమోట్‌ను ఆపాలి. ఈ వరుస తప్పితే ఆజ్ఞ ఇచ్చేవారు లేని బండి తనంతట తానే బయలుదేరే ప్రమాదం ఉంది. ఉదయం పూట, మనుషులు రాకముందు, ఖాళీ మైదానం మధ్యలో దాన్ని నేల మీద పెట్టి, మీటను పావువంతు మాత్రమే నొక్కి, అది దూరంగా పోయి తిరిగి ఎదురుగా వచ్చేటప్పుడు కుడి ఎడమలు ఎలా తారుమారవుతాయో చూడాలి.